హైబ్రిడ్ ఫ్లోరింగ్: పలక మీద ఇంత వాదన, నేల మీద ఎంత?

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో కొత్త ఇల్లు కట్టించుకునే తెలుగు కుటుంబానికి బిల్డర్ ఇచ్చే జాబితాలో తలుపులు, కుళాయిలు, గోడల రంగులు త్వరగానే తేలిపోతాయి. ఫ్లోరింగ్ దగ్గర పేచీ మొదలవుతుంది. కార్పెట్‌లో దుమ్ము, కూర వాసన రెండూ చేరతాయి. టైల్ వేస్తే చలికాలం కాళ్లు జిల్లుమంటాయి. అసలు కలప వేద్దామంటే ఖరీదు, ఆపైన నీళ్ల భయం. అప్పుడు ముందుకొచ్చేది హైబ్రిడ్. చూడటానికి చెక్క, తడికి చెడదు, జీవితకాలం వారంటీ అంటూ వస్తుంది. ఇదే సరుకును అమెరికాలో రిజిడ్ కోర్ వినైల్ అంటారు, హైదరాబాద్ షాపుల్లో ఎస్పీసీ అంటారు.

దీని చుట్టూ ఇప్పుడు సలహాలు కుప్పలుగా ఉన్నాయి, ఒకదానికొకటి పొసగవు. మందం ముఖ్యమని ఒకరు, పైపొర ముఖ్యమని మరొకరు. పాత టైల్స్ మీద నిశ్చింతగా పరచవచ్చని ఒకరు, పరిస్తే రెండేళ్లలో లేస్తుందని ఇంకొకరు. ఆ వాదాల పుట్టుక ఎక్కడుందో, వాటిలో ఏవి నిలుస్తాయో, ఏవి ఇంకా తేలలేదో చూడటం ఈ సమీక్ష పని. ఒక మాట ముందే చెప్పాలి. పలక గురించి జరిగిన చర్చలో సగం కూడా దాని కింది నేల గురించి జరగలేదు. బిగించిన తర్వాత వచ్చే తగాదాలు మాత్రం చాలావరకు ఆ నేల దగ్గరే తేలుతున్నాయి.

ఫిర్యాదు వెంట ఫిర్యాదు

హైబ్రిడ్ ఒక్కసారిగా ఊడిపడిన వస్తువు కాదు. స్వీడన్‌కు చెందిన పెర్‌స్టార్ప్ సంస్థ 1970ల చివర లామినేట్ ఫ్లోరింగ్‌ను రూపొందించి, పెర్గో పేరుతో ముందు యూరప్‌లో, 1994లో అమెరికాలో అమ్మింది. గట్టిగా నొక్కిన చెక్కపొడి పలక మీద కలప బొమ్మ ముద్రించిన కాగితం, దాని మీద గట్టి రెసిన్ పొర: ఇదీ లామినేట్. మొదట్లో అంచులకు జిగురు రాసి అతికించేవారు. 1990ల రెండో సగంలో స్వీడన్‌లో వాలింగే, బెల్జియంలో యునిలిన్ సంస్థలు జిగురు అక్కర్లేని క్లిక్ అంచులను తెచ్చాయి. ఒక పలక నాలుకను పక్క పలక గాడిలో పెట్టి వంచి నొక్కితే బిగుసుకుంటుంది. నేలకు అంటుకోకుండా మొత్తం ఒకే పరుపులా తేలియాడే ఈ పద్ధతి లేకపోతే ఈనాటి హైబ్రిడ్ లేదు.

లామినేట్ మీద ఫిర్యాదు ఒక్కటే: అంచుల్లోకి నీళ్లు దిగితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ దిగదు. దానికి జవాబుగా వినైల్ పలకలు ముందుకొచ్చాయి. వాటికి నీళ్ల బాధ లేదు, కానీ పల్చన, మెత్తన. నేలలో చిన్న ఇసుక రేణువు ఉన్నా కొన్నాళ్లకు పైన బొడిపెలా కనిపిస్తుంది. అమెరికాలో యూఎస్ ఫ్లోర్స్ సంస్థ 2013లో కోర్‌టెక్ పేరుతో తెచ్చిన డబ్ల్యూపీసీ పలక ఈ రెండో ఫిర్యాదుకు జవాబు. నురుగులా పొంగించిన ప్లాస్టిక్ గుండె మీద వినైల్ పొర. కాలికి హాయి, చప్పుడు తక్కువ. అయితే బరువైన బీరువా కాలు పెడితే నొక్కు పడుతుంది. ఆ నొక్కుకు మందుగా వచ్చింది ఎస్పీసీ. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి వేడిలో నొక్కి చేసిన గట్టి గుండె. బరువులో సగానికి పైగా రాతి పొడే కాబట్టి నొక్కు పడదు. ఆస్ట్రేలియాలో ఇప్పుడు హైబ్రిడ్ అని అమ్ముడుపోయేది చాలావరకు ఇదే.

ప్రతి తరం అంతకు ముందు తరం మీది ఫిర్యాదును తీర్చింది, ఇంకొకటి తెచ్చిపెట్టింది. ఎస్పీసీ తెచ్చిపెట్టినది పెళుసుదనం. రాతి పొడి పెరిగే కొద్దీ పలక గట్టిపడుతుంది కానీ క్లిక్ నాలుక సాగదు, వంగదు, పుటుక్కున విరుగుతుంది. నేల ఎగుడుదిగుళ్లు పైకి కనపడనివ్వదన్న ప్రచారం ఇక్కడే దారి తప్పింది. కనపడనివ్వదు, నిజమే. పల్లం మీద వంతెనలా నిలుస్తుంది. మనిషి నడిచిన ప్రతిసారీ ఆ వంతెన ఊగుతుంది, ఊపంతా అంచు నాలుక మీద పడుతుంది. మెత్తటి వినైల్ నేల లోపాన్ని మొదటి నెలలోనే బయటపెట్టేది. ఎస్పీసీ దాచి ఉంచి, రెండో ఏడాది చెబుతుంది.

నాలుగు పక్షాలు

ఇవాళ మార్కెట్లోనూ మేస్త్రీల మాటల్లోనూ నాలుగు పక్షాలు కనిపిస్తాయి.

మొదటిది గట్టి గుండె పక్షం. పిల్లలు, కుక్కలు, చక్రాల కుర్చీలు ఉన్న ఇంటికి ఎస్పీసీకి మించినది లేదంటుంది. వాదనలో బలముంది. తడి బట్టతో తుడిచినా, పాల గ్లాసు ఒలికినా పలకకు ఏమీ కాదు. చెదలు తినేందుకు అందులో చెక్క లేదు. బలహీనత శబ్దం. గట్టి పలక మీద మడమ చప్పుడు కింది ఫ్లాట్‌కు దిగుతుంది. ఆస్ట్రేలియా జాతీయ నిర్మాణ నియమావళి అపార్ట్‌మెంట్ నేలల అడుగుచప్పుడుకు పరిమితి పెట్టింది. చాలా నివాస సంఘాలు తమ సొంత నిబంధనల్లో అంతకంటే కఠినంగా ఉంటాయి. అనుమతి తీసుకోకుండా పరిచేసి, తర్వాత పీకేయాల్సి వస్తే పలక ధర గురించి చేసిన బేరమంతా వృథా.

రెండోది హాయి పక్షం. డబ్ల్యూపీసీనే మేలంటుంది. పై అంతస్తు పడక గదులకు ఈ మాట బాగానే నప్పుతుంది. మార్కెట్లో సరుకు తగ్గిపోవడం వల్లే ఈ పక్షం గొంతు తగ్గింది తప్ప వాదన ఓడిపోయి కాదు.

మూడోది తిరిగి లామినేట్ వైపు వచ్చినవారి పక్షం. గీతల విషయంలో వీరిదే పైచేయి. లామినేట్ పైపొరలో మెలమైన్ రెసిన్‌తో పాటు అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది. ఏసీ3, ఏసీ4 అంటూ అరుగుదలకు యూరప్ ప్రమాణం ప్రకారం తరగతులు ఉంటాయి. హైబ్రిడ్ పైపొర ఎంతైనా వినైల్, కుర్చీ కాలి కింద ఇసుక ఉంటే గీత పడుతుంది. కొత్త లామినేట్లు మైనం పూసిన అంచులతో ఒకటి రెండు రోజులు తడిని ఆపగలమంటున్నాయి. ఒలికిన నీళ్లను ఆ పూటే తుడిచే ఇంటికి అది సరిపోతుంది. వాషింగ్ మెషీన్ పైపు ఊడి రాత్రంతా నీళ్లు పారిన ఇంటికి సరిపోదు.

నాలుగోది రాయి, టైల్ పక్షం. తెలుగు నేలలో దీనికి ఎదురులేదు. తాండూరు బండ, బేతంచర్ల బండ పరిచిన ఇళ్లలో మనవల కాలం వరకూ అవే బండలు. అరిగితే మళ్లీ పాలిష్ పట్టిస్తారు. హైబ్రిడ్‌లో ఆ వీలు అసలే లేదు. బొమ్మ ముద్రించిన పొర అరిగితే పలక పని అయిపోయినట్టే. ఎంత ఖరీదు పలకైనా దీనికి మినహాయింపు కాదు.

క్లుప్తంగా పోలిస్తే ఇలా ఉంటుంది. నీళ్లకు ఓర్చుకోవడంలో రాయి, టైల్, ఎస్పీసీ ముందు, లామినేట్ చివర. గీతలకు ఓర్చుకోవడంలో టైల్, లామినేట్ ముందు, హైబ్రిడ్ వెనక. కాలికి హాయిలో డబ్ల్యూపీసీ ముందు, టైల్ చివర. అయితే మే నెల విజయవాడలో ఈ వరుస తిరగబడుతుంది, అక్కడ చల్లటి రాయే హాయి. పరిచే వేగంలో క్లిక్ పలకలన్నీ ఒకటే. ఆయుష్షులో రాయికి దగ్గరగా ఏదీ రాదు.

అంకెల మాయ

షాపులో ముందు చెప్పే అంకె మొత్తం మందం: 5, 6.5, 8, 9 మి.మీ. ఇందులో వెనక అతికించిన నురుగు షీటు కూడా కలిసి ఉంటుంది, సాధారణంగా 1 నుంచి 1.5 మి.మీ. అంటే 8 అని చెప్పిన పలకలో గట్టి భాగం ఆరున్నరే కావచ్చు. ఆరు చెప్పిన పలకలో నురుగు లేకపోతే అది దాదాపు సమానం. అడగాల్సింది నురుగు తీసేస్తే గుండె మందం ఎంత అని. క్లిక్ అంచు చెక్కేది ఆ గుండెలోనే కాబట్టి, నాలుక బలమూ దాన్నిబట్టే ఉంటుంది.

రెండో అంకె పైపొర మందం. 0.3, 0.5, 0.7 మి.మీ. అని ఉంటాయి. అమెరికా సరుకు మీద 12 మిల్, 20 మిల్ అని రాస్తారు, అవి ఇంచుమించు 0.3, 0.5. పొర ఎంత మందమైతే అంత మేలన్నది అందరూ ఒప్పుకున్న సూత్రంగా చలామణి అవుతోంది. సగమే నిజం. ఈ మందం అరుగుదలకు సంబంధించినది. గీతలు పడేది దాని మీద పూసే అతి పల్చటి యూవీ పూతను బట్టి. పైగా నేలను అరగదీసేది ముఖ్యంగా చెప్పులతో లోపలికి వచ్చే ఇసుక. చెప్పులు గుమ్మం బయట విడిచే ఇంట్లో 0.7 పొర కోసం అదనంగా పెట్టే డబ్బు దాదాపు దండగ. అదే డబ్బు నేల చదును చేయించడానికి పెడితే ఫలితం కనిపిస్తుంది. బూట్లతో తిరిగే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సలహాలను మనవాళ్లు యథాతథంగా పాటించడం వింతే.

అంకెల్లో కనిపించని సంగతి ఒకటుంది. క్లిక్ అంచు ఎవరి పద్ధతిలో చెక్కారన్నది. వాలింగే, యునిలిన్ లైసెన్స్‌తో చేసిన సరుకు పెట్టెల మీద ఆ గుర్తు ఉంటుంది. పలక అంతా బాగుండి నాలుక సరిగా కుదరకపోతే ఆ బాగు దేనికీ పనికిరాదు. రెండు నమూనా పలకలు అడిగి, కలిపి, విడదీసి, మళ్లీ కలిపి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

వాటర్‌ప్రూఫ్ ఎవరు?

ఈ వాదంలో ఎక్కువ నష్టం చేసిన ప్రచారం ఇదే. పలక వాటర్‌ప్రూఫ్ అన్న మాట అబద్ధం కాదు. నెలరోజులు నీళ్లలో నానబెట్టినా సున్నపురాయి, పీవీసీ ఉబ్బవు. పలక వాటర్‌ప్రూఫ్ అయినంత మాత్రాన దానితో పరిచిన ఫ్లోర్ వాటర్‌ప్రూఫ్ కాదు. గోడ చుట్టూ ఖాళీ వదలాలి, దాని మీద స్కర్టింగ్ వస్తుంది. ఎక్కువ నీళ్లు పారితే ఆ ఖాళీలోంచి కిందికి దిగుతాయి. దిగినవి ఆరవు. పైనున్న పలక ఆవిరిని కూడా బయటికి పోనివ్వదు. నీళ్లను ఆపే గుణమే అప్పుడు ఎదురు తిరుగుతుంది. కొన్ని వారాలకు ముక్కిన వాసన, స్కర్టింగ్ అడుగున ఉబ్బు, గోడకు బూజు. ఆస్ట్రేలియాలో స్నానాల గదుల నేల కింద వాటర్‌ప్రూఫ్ పొర వేయాలని నిబంధన ఉంది. పైన హైబ్రిడ్ పరచడం దానికి బదులు కాదు.

తడి కింది నుంచి కూడా వస్తుంది. కొత్త కాంక్రీట్ స్లాబ్ పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. మందంలో 25 మి.మీ.కు ఒక నెల చొప్పున ఆరుతుందని నిర్మాణ రంగంలో ఒక మోటు లెక్క. 100 మి.మీ. స్లాబుకు నాలుగు నెలలు, చలికాలంలో ఇంకా ఎక్కువ. ఇంటి తాళాలు చేతికొచ్చిన వారంలోనే ఫ్లోరింగ్ పరిపించాలన్న తొందర ఈ లెక్కను దాటేస్తుంది. స్లాబులో రంధ్రం వేసి లోపలి తేమ కొలిచే పరికరం ఉంది. ఆ పరీక్ష చేయించి, ఫలితం కాగితం మీద తీసుకోవడం వారంటీ పత్రం కంటే విలువైనది.

వేడి సంగతి ఎవరూ సరిగా చెప్పరు. లామినేట్‌ను కదిలించేది తేమ, ఎస్పీసీని కదిలించేది వేడి. పడమటి ఎండ నేరుగా పడే పెద్ద గాజు తలుపు ముందు పలక బాగా వేడెక్కి సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే మధ్యలో గుడారంలా లేస్తుంది. గోడల చుట్టూ 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదలమని చాలా గైడ్లు చెబుతాయి. వంటింటి దిమ్మె, అంటే ఐలాండ్ బెంచ్, పలకల మీదే బిగించేస్తే ఆ ఖాళీ ఉన్నా లేనట్టే. ఒక మూలన మేకు కొట్టిన పరుపు ఇక తేలదు. కేబినెట్లు ముందు పెట్టి, పలకలను వాటి అంచు వరకు తెచ్చి ఆపాలి. ఈ విషయంలో తయారీదారులందరిదీ ఒకే మాట. ఇళ్లలో మాత్రం పనుల వరుస తారుమారై తరచూ తప్పుతుంది.

పరిచే పద్ధతి మీద పేచీలు

చదును గురించి గైడ్లు చెప్పే అంకె దాదాపు ఒకటే. ఒక మీటరు పొడవులో 3 మి.మీ. మించి, లేదా మూడు మీటర్లలో 5 మి.మీ. మించి తేడా ఉండకూడదు. నేల వాలుగా ఉన్నా ఫరవాలేదు, ఎత్తుపల్లాలు ఉండకూడదు. తెలుగు ఇళ్లలో నీళ్లు పోవడానికి మేస్త్రీ వాటం పెట్టిన నేల ఈ పరీక్షలో నెగ్గవచ్చు. పొడవాటి తిన్నని బద్ద పెట్టి చూస్తే తేలిపోతుంది. మెల్‌బోర్న్ పడమటి వైపు నేల బంకమట్టి. వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది కాబట్టి స్లాబులు కొద్దిగా కదులుతాయి. కొత్త ఇల్లు కదా, చదునుగానే ఉంటుందనుకోవడం పొరపాటు. గుంతలు నింపే లెవెలింగ్ పదార్థం, కూలీ కలిపితే ఖర్చు ఒక్కోసారి పలకల ఖర్చుతో పోటీపడుతుంది. కొటేషన్‌లో ఆ వరుసే లేకపోతే, చదును చేయరని అర్థం చేసుకోవాలి.

పాత టైల్స్ మీద పరచడం గురించి రెండు శిబిరాలవీ సగం నిజాలు. టైల్ గట్టిగా అంటుకుని ఉండి, సందులు సన్నగా ఉంటే పరచవచ్చు. కర్రతో తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చిన టైల్‌ను మాత్రం తీసి, ఆ చోటు నింపాల్సిందే. హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ కొన్నవారికి ఈ పద్ధతి మీద మోజు ఊరికే పుట్టలేదు. పగలగొట్టే చప్పుడు లేదు, రబ్బిష్ లేదు, ఇసుక, సిమెంట్ పైకి మోయక్కర్లేదు, పని రెండు మూడు రోజుల్లో అవుతుంది. తలుపులు అడుగున కొంచెం కోయాలి, బాల్కనీ గుమ్మం దగ్గర ఎత్తు తేడా కప్పే పట్టీ పెట్టాలి.

ఆస్ట్రేలియాలో పాత ఇళ్లకు ఇంకో కోణం ఉంది. 1990కి ముందు కట్టిన ఇళ్లలో పాత వినైల్ షీట్ల వెనక, టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. అక్కడ ఆస్‌బెస్టాస్ వాడకంపై పూర్తి నిషేధం 2003 చివరి రోజు నుంచి. అలాంటి పొరను గీకడం ప్రమాదం. ముందు పరీక్ష చేయించాలి, ఆ తర్వాతే పీకడమో, కదపకుండా పైన పరచడమో.

నురుగు ఉన్న పలక కింద మరో నురుగు షీటు వేస్తే మరింత మెత్తగా ఉంటుందన్నది ఇంకా బతికున్న అపోహ. రెండు నురుగుల మీద పలక ఎక్కువగా ఊగి నాలుకలు విరుగుతాయి, పైగా వారంటీ పోతుంది. పలకలను గదిలో రెండు రోజులు ముందే ఉంచాలా అక్కర్లేదా అన్న వాదం మాత్రం నిజంగానే తేలలేదు. కొన్ని సంస్థలు 48 గంటలు అంటాయి, కొన్ని అక్కర్లేదంటాయి. ఎండలో నిలిచిన లారీ నుంచి దింపిన పలకలను అదే గంటలో బిగించకూడదన్నంత వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మన ఇళ్లకు కుదురుతుందా?

పండగ ముందు బకెట్లతో నీళ్లు పోసి చీపురుతో ఇల్లు కడిగే అలవాటున్నచోట తేలియాడే నేల ఏదీ కుదరదు. ఇది పలక నాణ్యతకు సంబంధించిన మాటే కాదు. పూజ గదిలో దీపం, కర్పూరం, నూనె చుక్క, వంటింట్లో కింద పడే రుబ్బురోలు పొత్రం, పసుపు మరక. వీటన్నిటికీ రాయి ఓర్చుకున్నట్టు వినైల్ ఓర్చుకోదు. నిప్పు తగిలితే పీవీసీ మాడుతుంది, మాడిన మచ్చ పోదు. హైదరాబాద్ ఫ్లాట్లలో చాలామంది హాల్లో, వంటింట్లో మార్బుల్ లేదా విట్రిఫైడ్ ఉంచుకుని పడక గదుల్లోనే చెక్క రంగు పలకలు వేయిస్తున్నారు. ఏ నిపుణుడూ రాయకపోయినా ఈ సర్దుబాటు తర్కం సరైనదే. ఎండాకాలం ఏసీ ఉండేది అక్కడే, నీళ్ల పని తక్కువ ఉండేదీ అక్కడే.

ఆరోగ్యం, చెత్త

లామినేట్ మీద అనుమానం 2015లో పెద్దదైంది. అమెరికాలో సీబీఎస్ వారి 60 మినిట్స్ కార్యక్రమం, చైనాలో తయారై లంబర్ లిక్విడేటర్స్ అమ్మిన లామినేట్‌లో ఫార్మాల్డిహైడ్ కాలిఫోర్నియా పరిమితిని మించిందని ప్రసారం చేసింది. ఆ భయం చాలామందిని వినైల్ వైపు నెట్టింది. వినైల్‌కు తన లెక్కలు తనకున్నాయి. మెత్తదనం కోసం కలిపే థాలేట్ల మీద అభ్యంతరాలతో హోమ్ డిపో 2015లోనే వాటిని తన వినైల్ ఫ్లోరింగ్ నుంచి తొలగిస్తామని ప్రకటించింది. పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. 2023 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రం ఈస్ట్ పాలస్తీన్‌లో పట్టాలు తప్పిన రైలు మోస్తున్న రసాయనాల్లో అది ఒకటి. చైనాలో బొగ్గు నుంచి పీవీసీ తీసే పద్ధతిలో పాదరసం వాడకం మరో చిక్కు.

వీటిని కలగాపులగం చేయకూడదు. తయారై ఇంట్లో పరిచిన పలకలో మిగిలే వినైల్ క్లోరైడ్ అతి స్వల్పం. అసలు బరువు ఫ్యాక్టరీ కార్మికుల మీద, దాని చుట్టుపక్కల ఊళ్ల మీద, కాల్చేటప్పుడు వచ్చే పొగ పీల్చేవారి మీద ఉంది. ఇంట్లోవారి విషయానికొస్తే, గాలిలోకి వదిలే రసాయనాలపై ఫ్లోర్‌స్కోర్ వంటి ధ్రువీకరణ ఉన్న సరుకు అడగడం, గుండెలో పాత ప్లాస్టిక్ తిరిగి వాడారా అని అడగడం ఉపయోగం. పాత పీవీసీలో సీసం ఉండే వీలుంది. రీసైకిల్ అన్న మాట ఇక్కడ ఎప్పుడూ శుభవార్త కాదు.

పీవీసీ లేని గుండెలు వస్తున్నాయి. కొన్ని మెగ్నీషియం ఆక్సైడ్ బోర్డుతో చేసినవి. డెన్మార్క్‌లో ఇళ్ల బయటి గోడలకు వాడిన ఇదే జాతి బోర్డులు గాలిలోని తేమ పీల్చి ఉప్పునీరు కార్చిన చరిత్ర ఉంది. నేల పలకల తయారీ వేరు, వాడకం వేరు, నిజమే. అయినా చెమ్మ ఉన్న స్లాబుపై అవి ఎలా నిలుస్తాయో చెప్పగల వయసు వాటికింకా రాలేదు.

తేలనివి

వయసు లేకపోవడం హైబ్రిడ్‌కూ వర్తిస్తుంది. 25 ఏళ్ల వారంటీ ఇస్తున్న ఎస్పీసీ పలకల్లో 25 ఏళ్లు నేల మీద గడిపినది ఒక్కటీ లేదు. వారంటీ పత్రాల్లో మినహాయింపుల జాబితా చదివితే చెమ్మ, ఎండ వేడి, చదును లేని నేల, బిగింపు లోపం అన్నీ బయటే ఉంటాయి. అంటే నిజంగా చెడిపోయే కారణాలన్నీ. సరుకు ఒకరి దగ్గర, కూలీ మరొకరి దగ్గర తీసుకుంటే తగాదా వచ్చినప్పుడు ఒకరు మరొకరి వైపు చూపిస్తారు. ఆస్ట్రేలియాలో వినియోగదారుల చట్టం ఇచ్చే హామీలు ఈ పత్రంతో సంబంధం లేకుండా వర్తిస్తాయి కాబట్టి అక్కడివారికి కొంత ఊరట. సరుకు, బిగింపు ఒకే చోట తీసుకుని, స్లాబు చెమ్మ, చదును కొలతలు బిల్లు మీద రాయించుకోవడం ఏ దేశంలోనైనా పనికొస్తుంది.

మరమ్మతుపైనా ఏకాభిప్రాయం లేదు. మధ్యలో ఒక పలక పాడైతే గోడ వరకు వరుసలన్నీ విప్పి మార్చాలని ఒక వర్గం, పాడైన పలకను కోసి తీసి, కొత్తదాని నాలుక చెక్కి జిగురుతో అతికించవచ్చని మరో వర్గం. రెండోది తక్కువ పని, కానీ ఆ చోట నేల ఇక తేలదు. ఏ పద్ధతికైనా అదే రంగు, అదే క్లిక్ ఉన్న పలక దొరకాలి. డిజైన్లు రెండు మూడేళ్లకే మారిపోతుంటాయి. కాబట్టి వృథా కోసం లెక్కవేసే పది శాతం పోను మరో రెండు పెట్టెలు కొని, నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఎండ తగలని చోట దాచుకోవాలి. అమ్మేవారు చెప్పరు, అడిగితే కాదనరు.